నడిమెట్ట దీపాలు కొండెక్కిన వైనం

మా నడిమెట్టలో పుట్టినవాడెవడూ దీపం ఆరిపోయిందని అనడు, కొండెక్కిందంటాడు. బియ్యం అయిపోతే నిండుకున్నాయంటాడు. గాజు పగిలితే పెరిగిందంటాడు. చెడ్డ సంగతిని మంచి మాటతో చెప్పడం మా అమ్మలు మాకు ఉగ్గుపాలతో పోశారు. ఈ అలవాటు వల్ల ఎన్ని తరాలు గడిచినా ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు. మా ఊరికి ‘సుశక్తి గృహ పథకం’ వచ్చాకనే జరిగింది.

పథకం ఉద్దేశం మంచిదే. ఇళ్ళలో కరెంటు వృథా కాకూడదు, ప్రతి ఇల్లూ పొదుపు ఇల్లు కావాలి. ప్రభుత్వాల ఉద్దేశాల్లో చెడ్డది ఇంతవరకు నా కంటబడలేదు. ఆ పథకం ఆఫీసులో నేను సీనియర్ అసిస్టెంటుని. పైనుంచి వచ్చిన కాగితాన్ని కిందికి, కిందనుంచి వచ్చిన కాగితాన్ని పైకి పంపడం నా ఉద్యోగం. మధ్యలో వాటిని చదవమని ఎవరూ చెప్పలేదు గానీ, దురలవాటు, చదువుతాను.

మొదట్లో ఊరి గోడలన్నిటి మీదా ‘అనవసరపు దీపాలు ఆర్పండి’ అని రాయించాం. మా ఖర్మ కాలి రాయించింది శుక్రవారం నాడు. సాయంత్రానికల్లా మునిసిపల్ చైర్మన్ గారు వీధిలో ఉన్న ఆడవాళ్ళందరినీ వెంటబెట్టుకుని ఆఫీసు మీదికొచ్చారు.

“శుక్రవారం పూట, సంజె వేళ, ఇంట్లో దీపాలార్పమని రాస్తారా? ఇది ప్రభుత్వమేనా, పగవాడి శాపనార్థమా?” అని గుమ్మంలోంచే అరిచారు.

మా డైరెక్టరు హయగ్రీవరావు గారు ఎంతటి సమస్యనైనా ఉత్తర్వుతో చల్లార్చగల మనిషి. ఇంట్లో పాలు పొంగినా ఆయన ముందు ఉత్తర్వు వేసి, తరవాతే స్టవ్ దగ్గరికి వెళతారని మా ఆఫీసులో ఒక మాట ఉంది. మర్నాడే ఉత్తర్వు వెలువడింది. “పథకమునకు సంబంధించిన సమస్త వ్యవహారములయందును ‘ఆర్పు’ అను పదమును, దాని సకల రూపాంతరములును తక్షణమే రద్దు చేయడమైనది. తత్‌స్థానమున ‘కొండెక్కించు’ అని చదువుకొనవలెను.”

గోడలన్నీ సున్నం కొట్టించి, ‘అనవసరపు దీపాలను కొండెక్కించండి’ అని మళ్ళీ రాయించాం. చైర్మన్ గారు సంతోషించి మా ఆఫీసు గుమ్మం ముందు కొబ్బరికాయ కొట్టారు. ఆ మాట అర్థం కానివాడు ఊళ్ళో ఒక్కడు కూడా లేడు.

అర్థం కానివాడు రాజధాని నుంచి వచ్చాడు. పథకం ఎంతవరకు అమలైందో కొలవడానికి పైవాళ్ళు నియమించిన సలహాదారు అతను. పేరు రిత్విక్. తెలుగింట్లో పుట్టినవాడే గానీ తెలుగుతో పరిచయం వేసవి సెలవుల్లో అమ్మమ్మగారింట్లోనే. మా ఉత్తర్వును ఉన్నదున్నట్టుగా తన ఫోన్‌లో యాప్‌గా మార్చి పట్టుకొచ్చాడు.

“అంకుల్, మెయిన్ పాయింట్ ఇదే. ఊళ్ళో ఇప్పటివరకు ఎన్ని లైట్లు కొండ ఎక్కాయి? ఇక్కడ జీరో చూపిస్తోంది,” అన్నాడు.

నేను నోరు తెరిచాను. హయగ్రీవరావు గారు కళ్ళతోనే నా నోరు మూయించారు. కిటికీలోంచి ఊరి వెనకున్న బోడికొండ వైపు కాసేపు చూశారు.

“ప్రారంభ దశలో ఉన్నది,” అన్నారు గంభీరంగా.

కుర్రాడు వెళ్ళాక నేను ఉండబట్టలేక అడిగాను. “సార్, అతనికి మాట తెలియలేదు. ఒక్క ముక్క చెప్పేస్తే పోయేది కదా?”

“ఏమని చెప్తావయ్యా గవర్రాజూ? నా సంతకం ఉన్న ఉత్తర్వులో రాసిందొకటి, భావం ఇంకొకటి అని చెప్తావా? రాసిందొకటి, భావమొకటి అయితే దాన్ని కవిత్వమంటారు, ఉత్తర్వు అనరు. కొండ అని రాసి ఉంది. ఎదురుగా కొండ ఉంది. ఎక్కించండి.”

అక్కణ్ణుంచి మొదలైంది. ప్రతి ఇంటివారూ తమ అనవసరపు దీపాలను కొండెక్కించి, ఆ ఫోటోను యాప్‌లో పెట్టాలి. పెట్టనివారి ఇంటికి కరెంటు కట్. ఊరు ముందు నవ్వింది. నాలుగిళ్ళ కనెక్షన్లు పీకాక నవ్వడం మానేసింది.

మా ఊరివాళ్ళు తెలివితక్కువవాళ్ళేమీ కాదు. ఆటో నడిపే కొండబాబు అని ఒకడున్నాడు, ఆరడుగుల మనిషి. జనం తలా ఒక బల్బు తెచ్చి అతని నెత్తిన పెట్టి ఫోటో తీసుకోవడం మొదలుపెట్టారు. కొండెక్కించామా లేదా అని దబాయించారు కూడా. ఆ ఉదయమంతా కొండబాబు ఆటో తియ్యకుండా, కదలకుండా నిలబడ్డాడు. “మెడ నొప్పెడతంది గానీ ఊరి కోసం తప్పదు గదండీ,” అన్నాడు నాతో, బల్బు జారకుండా కళ్ళు మాత్రమే తిప్పుతూ.

దాంతో రెండో ఉత్తర్వు వచ్చింది. “కొండ అనగా పరిసర భూమికంటె ఎత్తుగా నుండి, మానవులు ఎక్కుటకు వీలైనదై, స్వయముగా మానవుడు కానిది.” కొండబాబు తిరిగి ఆటో ఎక్కాడు.

తరవాత రిత్విక్‌ను వెంటబెట్టుకుని ఇంటింటి తనిఖీకి వెళ్ళే పని నా నెత్తిన పడింది. మొదట మా ఇంటికే తీసుకెళ్ళాను, కాఫీ అయినా దొరుకుతుందని. ఇంధనం లెక్కల కోసం అతను మా ఆవిడ సత్యవేణిని అడిగాడు.

“ఆంటీ, గ్యాస్ ఉందా?”

“నిన్ననే నిండుకుంది బాబూ,” అంది మా ఆవిడ.

“సూపర్ ఆంటీ!” అని ఫోన్‌లో నొక్కేశాడు. మర్నాడు సిలిండరు బుక్ చేస్తే, మీ సిలిండరు నిండుగా ఉన్నందున ఇవ్వడం కుదరదని జవాబొచ్చింది. మా పెరట్లో కట్టెల పొయ్యి వెలిగింది.

“గ్యాసు అయిపోయిందని చెప్పొచ్చు కదే!” అన్నాను పొగలో దగ్గుతూ.

“పొయ్యి దగ్గర నిలబడి నా నోటితో అయిపోయిందని ఎలా అంటానండీ? మీ ఆఫీసు తగలెయ్య, ఈ మాత్రం తెలుగు రాదా వాడికి?”

నాకు కోపం రాలేదంటే అబద్ధం. అయినా గ్యాసు ఇవాళ కాకపోతే రేపొస్తుంది. అసలు దెబ్బ తగిలింది మా పక్కింటి పైడమ్మకి.

పైడమ్మ నాటుకోళ్ళ మీద బతికే మనిషి. ఈ ఏడు తెగులొచ్చి ఆమె గూడు గూడంతా ఖాళీ అయిపోయింది. మిగిలిన ఒక్క పెట్టనూ గుడ్లు పొదుగుతుండగా కుక్క ఎత్తుకుపోయింది. ఆమె ఏడుస్తూ కూర్చోలేదు. ఆ గుడ్లు చల్లారకముందే చీరకొంగులో వేసుకుని, చేపల బజారు నుంచి ఒక థర్మోకోల్ పెట్టె తెచ్చి, అందులో ఊక పరిచి, గుడ్లు సర్ది, పైన పాతకాలపు ఎర్రబల్బు ఒకటి వేలాడదీసింది. ఆ వేడికి గుడ్లు పిల్లలైతే గూడు మళ్ళీ నిండుతుంది. కాకపోతే ఆ ఇంటికి కూడు పుట్టే దారి లేదు. అందుకని బల్బును రాత్రీ పగలూ కనిపెట్టుకుని ఉంది.

రిత్విక్ ఆ బల్బు ముందు ఫోన్ పెట్టగానే తెరంతా ఎర్రబడింది.

“అంకుల్, టౌన్ మొత్తంలో వరస్ట్ లైట్ ఇదే! దీని కరెంటంతా వేడికే పోతోంది. వెలుగు వచ్చేది కొంచెమే.”

“నాకు కావలసింది ఆ యేడే బావూ,” అంది పైడమ్మ. “ఎలుగు నాకేటికి? గుడ్లేటి సదువుకుంటాయా?”

“రూల్ ప్రకారం ఇది ఫస్ట్ కొండ ఎక్కాలమ్మా. ఈ వీక్‌లో ఎక్కకపోతే మీ లైన్ కట్ అయిపోతుంది. సారీ.” అతను చెడ్డవాడు కాదు. సారీ అన్నప్పుడు మొహం నిజంగానే చిన్నబోయింది. అయినా నొక్కాల్సింది నొక్కాడు.

అతను వెళ్ళాక పైడమ్మ గోడ దగ్గరికొచ్చి నిలబడింది. “తమ్ముడా, నువ్వా ఆపీసులోనే ఉన్నావు గదా. ఆ దీపం కొండెక్కితే నా గుడ్లూ కొండెక్కిపోతాయి. మీ సారుకి ఒక మాట సెప్పవా?”

చెప్పాను. హయగ్రీవరావు గారు సానుభూతితో విన్నారు. ఆయన ఎప్పుడూ సానుభూతితోనే వింటారు. “గుడ్లకు మినహాయింపు ఇస్తే రేపు ఆమ్లెట్లకు అడుగుతారు,” అన్నారు.

ఊరు కొండెక్కడం మొదలుపెట్టింది. ట్యూబులైట్లు భుజాన వేసుకుని మగవాళ్ళు, బుట్టల్లో బల్బులు పెట్టుకుని ఆడవాళ్ళు, పెళ్ళినాటి సీరియల్ బల్బుల దండలు మెళ్ళో వేసుకుని పిల్లలు. ఫోటో తీసుకుని బల్బులు మళ్ళీ కిందికి తెచ్చేసుకుందామనుకున్నారు కొందరు. మూడో ఉత్తర్వు దాన్ని అడ్డుకుంది. కొండెక్కిన దీపం కొండమీదే ఉండాలి.

అప్పుడు రిత్విక్‌కు ఇంకో అనుమానం వచ్చింది. “సార్, అక్కడ ఉన్నవి దీపాలని ప్రూఫ్ ఏంటి? వెలగట్లేదు కదా. వెలగకపోతే అది ఒట్టి గాజుబుడ్డే.”

హయగ్రీవరావు గారి కళ్ళు చెమర్చాయి. తనంత మనిషి తనకు ఇన్నాళ్ళకు దొరికాడు. “భేషైన ప్రశ్న! వెలుగునదే దీపము, దీపమున్నదే గృహము,” అని నాలుగో ఉత్తర్వు వేశారు. దాని ప్రకారం స్తంభాలు పాతి, బోడికొండ మీదికి కరెంటు లైను లాగారు. ఊళ్ళోని దీపాలన్నీ కొండమీద ఒకేసారి వెలిగాయి. మీట నొక్కి ఆపేద్దామని ఎవడైనా అంటే, ‘ఆపు’ అన్నది ‘ఆర్పు’కి రూపాంతరమేనని ఆఫీసు నుంచి తాఖీదు వచ్చేది.

కింద ఊరు చీకటి. అనవసరపు దీపమేదో అవసరమైనదేదో తేల్చుకోలేక జనం అన్నీ పట్టుకెళ్ళి పెట్టేశారు మరి. సాయంత్రమైతే ఊరు ఊరంతా కొండమీదే. పిల్లలు అక్కడే ఎక్కాలు చదివేవారు. ఆడవాళ్ళు కత్తిపీటలు తెచ్చుకుని అక్కడే కూరలు తరిగేవారు. మా ఆవిడ కట్టెల పొయ్యి కూడా ఎక్కించేసింది. ఇరుగూ పొరుగూ ఒకే చోట చేరడంతో ఊళ్ళో తగాదాలు ఎక్కువయ్యాయి.

ఈ గొడవలో లాభపడింది పైడమ్మ ఒక్కతే. కొండమీద కరెంటు వచ్చిందని తెలియగానే నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

“తమ్ముడా, దీపం కొండమీద ఎలుగుతాదంటే గుడ్లు కూడా దీపంతోటే ఎక్కితే తప్పేటి?”

నేను ఉత్తర్వులన్నీ తిరగేశాను. తప్పని ఎక్కడా లేదు. ఆమె వేడి నిలవడానికి ఊక వేయించి బుట్టలో పోసి, దాని మధ్య గుడ్లు పెట్టి, పైన దుప్పటి కప్పి నెత్తిన ఎత్తుకుంది. నేను పెట్టే, బల్బూ పట్టుకున్నాను. దారంతా రాళ్ళు. పైడమ్మ అడుగు తీసి అడుగు వేస్తూ, “కదలకండమ్మా, బద్దలవకండమ్మా” అని పైకి చూడకుండానే గుడ్లతో మాట్లాడుతూ ఎక్కింది. మధ్యలో ఒకసారి కాలు జారింది. నేను కేక పెట్టాను. ఆమె మాత్రం బుట్టను రెండు చేతులా పట్టుకుని మోకాళ్ళ మీద పడింది. మోకాళ్ళు చీరుకుపోయాయి. “గుడ్లు బాగున్నాయి,” అంది ముందు. పెట్టె బిగించి, బల్బు వెలిగించి, గుడ్లు సర్దాకే కాళ్ళు కడుక్కుంది.

వారం తిరిగేసరికి మా నడిమెట్ట ఇళ్ళలో దీపాల వాడకం సున్నా అని తేలింది. రాష్ట్రంలో ఇంకెక్కడా లేదట. సాక్షాత్తూ కమిషనర్ గారే ఆదర్శ గృహం అవార్డు ఇవ్వడానికి వస్తున్నారని కబురొచ్చింది.

ఆయన వచ్చింది మిట్టమధ్యాహ్నం. వైశాఖం ఎండ నెత్తి మాడ్చేస్తోంది. కొండమీద షామియానా, దండలు, ఆ ఎండలో ఊరి దీపాలన్నీ దేదీప్యమానంగా వెలుగుతున్నాయి. కమిషనర్ గారు చెమట తుడుచుకుంటూ అటూ ఇటూ చూశారు.

“హయగ్రీవరావు గారూ, పట్టపగలు ఇన్ని లైట్లేమిటండీ? ఇవన్నీ అనవసరం కదా?”

“చిత్తం. అనవసరపు దీపములను కొండెక్కించవలెనని నిబంధన.”

“ఇది కొండే కదా?”

“అదే చిక్కు వచ్చినది సార్. వీటిని మరల కొండెక్కించుటకు ఇంతకంటె ఎత్తైన కొండ కావలెను. పక్క మండలములో ఒకటి ఉన్నట్లు గుర్తించి ప్రతిపాదనలు సమర్పించియున్నాము.”

కమిషనర్ గారు మెయిన్ స్విచ్ వైపు చెయ్యి చాపారు. “అవన్నీ ఎందుకయ్యా? అక్కడ మెయిన్ స్విచ్ కనబడుతోంది కదా, ఆర్పెయ్యండి!” అన్నారు విసుగ్గా.

జనంలో ఆడవాళ్ళు చెవులు మూసుకున్నారు. చైర్మన్ గారు “రామ రామ” అన్నారు. పైడమ్మ మాత్రం ఒక్క ఉదుటున వచ్చి మెయిన్ స్విచ్‌కి అడ్డంగా నిలబడింది.

“వద్దు బావూ! మీ కాళ్ళు మొక్కుతాను. గుడ్లు నోరు తెరస్తన్నాయి. ఇప్పుడు యేడి తప్పితే లోపలే సచ్చిపోతాయి. నాకింక ఏటీ నేదు బావూ, అయ్యే ఉన్నాయి.”

కమిషనర్ గారి చెయ్యి గాల్లో ఆగింది. అప్పుడు హయగ్రీవరావు గారు ముందుకొచ్చారు. ఆమెను పక్కకు లాగేస్తారేమోనని భయపడ్డాను. ఆయన లాగలేదు. ఫైలు తెరిచారు.

“క్షమించాలి సార్. తమరు సెలవిచ్చిన పని చేయుటకు ఈ పథకంలో ఎవరికీ అధికారము లేదు. ఆ పదము రద్దయినది. రద్దయిన పదమును అమలుపరచినచో బాధ్యత ఎవరిది? ఆడిట్ వారు అడుగుతారు.”

ఆడిట్ అన్న మాటకి కమిషనర్ గారి చెయ్యి కిందికి దిగిపోయింది. పాతికేళ్ళ సర్వీసులో నేను మా డైరెక్టరు గారిని మనసారా మెచ్చుకున్నది ఆ ఒక్క క్షణమే. ఆయన చేసిన మేలు ఆయనకు తెలియదు.

వచ్చిన పని అవార్డు కనక, కమిషనర్ గారు దాని మీద పడ్డారు. “ఏదీ ఆదర్శ గృహం?”

రిత్విక్ ఫోన్ చూశాడు. ఊళ్ళో ఏ ఇంట్లోనూ దీపం లేదు. దీపం లేనిది ఇల్లు కాదని మా ఉత్తర్వే చెబుతోంది. కొండ మీద ఉన్నదంతా ఆరుబయలు. అతను ఫోన్ పట్టుకుని తిరిగి తిరిగి థర్మోకోల్ పెట్టె దగ్గర ఆగాడు. తెర పచ్చగా మెరిసింది.

“సార్, ఇదే! నాలుగు గోడలు, పైకప్పు, వేడి బయటికి పోదు. ఒకే లైట్. దాని వెలుగూ వేస్ట్ లేదు, వేడీ వేస్ట్ లేదు. ఐదు స్టార్లు!” మొట్టమొదట ఎర్రరంగు చూపించింది కూడా ఆ బల్బుకేనని అతను మరిచిపోయాడు. నేను గుర్తు చెయ్యలేదు.

“ఇందులో ఎవరు ఉంటారు?” అని కమిషనర్ గారు వంగి చూశారు.

సరిగ్గా అప్పుడే ఒక గుడ్డు పెంకు నిలువునా చీలింది. తడిసిన బొచ్చుతో, కళ్ళు మూసుకుని, ఒక కోడిపిల్ల బయటికి తల పెట్టి కీచుమంది. దాని పక్కన ఇంకోటి. జనం తోసుకుని వచ్చారు. చప్పట్లు ఎవరు మొదలుపెట్టారో తెలియదు. పైడమ్మ చప్పట్లు కొట్టలేదు, పెట్టె పక్కన కూలబడి ఏడ్చేసింది. చెప్పడానికి సిగ్గెందుకు, నేనూ ఏడ్చాను.

“లబ్ధిదారులు,” అన్నారు హయగ్రీవరావు గారు నెమ్మదిగా, కమిషనర్ గారి చెవిలో.

అన్నీ పెంకులు వదిలించుకుని, బొచ్చు ఆరి, గుండ్రంగా తయారయ్యేదాకా సభ ఆగింది. ఉపన్యాసాలు ఎలాగూ ఉన్నాయి కనక ఎవరికీ ఆలస్యమనిపించలేదు. పొద్దు వాలాక కమిషనర్ గారు పైడమ్మకు జరీ శాలువా కప్పి, జ్ఞాపిక చేతిలో పెట్టి ఫోటో దిగారు. ఫోటో అవగానే ఆమె శాలువా తీసి బుట్టలో పరిచి, పిల్లల్ని ఒక్కొక్కటే అందులోకి ఎత్తుకుని, మిగిలిన కొసతో కప్పింది. జ్ఞాపికను నా చేతికిచ్చింది. పెట్టె దగ్గరికెళ్ళి, బల్బు మీట నొక్కింది.

టక్కుమని దీపం పోయింది.

హయగ్రీవరావు గారు ఉలిక్కిపడ్డారు. “ఏం చేశావమ్మా?”

“ఆర్పీసినాను బావూ. పిల్లలైపోనాయి గదా, ఇంకేటికి?” అని బుట్ట నెత్తినెత్తుకుని, కుంటుకుంటూ కొండ దిగడం మొదలుపెట్టింది.

కమిషనర్ గారు మా డైరెక్టరు గారి వైపు చూశారు. ఆయన నా వైపు చూశారు. “నమోదు చేసుకోవయ్యా గవర్రాజూ,” అన్నారు.

“ఏమని రాయమంటారు సార్?”

చుట్టూ మిగతా దీపాలన్నీ భగభగా వెలుగుతున్నాయి. ఆయన ఫైలులో నాలుగు ఉత్తర్వులూ తిరగేశారు. ఆఖరికి తేలిగ్గా ఊపిరి వదిలి, “ఒక దీపము కొండ దిగినది అని రాయి,” అన్నారు. అలాగే రాశాను.